శంఖపాణికి కరువైన ముగింపు

మాల్యాద్రి అన్నం మానేసి వదిన వాకిట్లో కూర్చోవడం అది రెండో రోజు.

కూర్చున్నవాడు ఊరికే కూర్చోలేదు. బడిపంతులు గనక తుండు పరుచుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, అట్ట మీద తెల్లకాగితాలు సర్దుకుని, కలం మూత తీసి మరీ కూర్చున్నాడు. వదిన నోరు విప్పితే చాలు, రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

కామమ్మ నోరు విప్పలేదు. పొయ్యి రాజేసింది.

రోజూ పెరట్లో ఉండే పొయ్యిని ఆ పొద్దు వాకిట్లోకి తెచ్చి, గాలివాటు చూసుకుని, సరిగ్గా మరిదికి తూర్పున పెట్టింది. మడవచేప ముక్కలకు ఉప్పూ కారం పట్టించింది. చింతపండు పులుసు తెర్లుతుండగా మామిడికాయ ముక్కలు వేసింది. ఉప్పునీళ్ళ మీదుగా వచ్చే గాలి ఆ వాసనను మోసుకుపోయి మాల్యాద్రి ముక్కు ముందు పెట్టింది.

"వదినా, ఇది ధర్మం కాదు," అన్నాడు మాల్యాద్రి.

"ఏందీ, పులుసు కాచుకోవడమా?"

"పొయ్యి యాడుండాల్నో ఆడ పెట్టుకోవచ్చు గదా."

"నా పొయ్యి, నా ఇష్టం. ఏం పంతులూ, ఇది కూడా నీ పేరున రాసుకుంటివా?"

మాల్యాద్రి తల దించుకున్నాడు. అప్పటికి మామ చిన్నపోలయ్య చేతికర్ర తాటించుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. కొడుకును చూశాడు, కోడలిని చూశాడు, పులుసు కుండను కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"ఏందమ్మే ఈ గోల? ఊరంతా నవ్వతా ఉండాది. బళ్ళో పంతులు లేడని పిలకాయలంతా నీళ్ళల్లో ఈదతా ఉండారు. కథే గదా. ఆ మిగిలిన ముక్క చెప్పేస్తే ఏం పోతుంది?"

"పోవడానికి ఇంకా ఏం మిగిలింది మామా? రెండేండ్లుగా పోతానే ఉండాది."

కామమ్మ మొగుడు ముత్యాలయ్య పడవతో పాటు మునిగిపోయి ఏడేళ్ళు. అప్పటినుంచి ఆమె వలలు అల్లి బతుకుతోంది. వల అల్లుతూ, చుట్టూ చేరిన పిల్లలకు కథ చెప్పడం అలవాటు. మాల్యాద్రి ఆ పక్కనే అరుగు మీద కూర్చుని బడిపిల్లల కాపీ పుస్తకాలు దిద్దేవాడు. దిద్దుతున్నాడనే ఆమె అనుకుంది. అక్షరం రానిదానికి దిద్దడం ఏదో, ఎత్తిరాసుకోవడం ఏదో ఎలా తెలుస్తుంది?

నలభై రెండో ఏట ఆమె మహిళామండలికి వెళ్ళి, గ్రామసేవిక పుష్పకుమారి దగ్గర మధ్యాహ్నాల పూట అక్షరాలు దిద్దింది. పద్నాలుగు నెలలు పట్టింది. కూడబలుక్కోకుండా చదవగలిగిన నాడు పుష్పకుమారి బీరువాలోంచి ఒక కట్ట తీసి ఇచ్చింది. మద్రాసు పిల్లల పత్రిక సంచికలు కలిపి కుట్టిన కట్ట. అందులో 'ఉప్పుకోట మాయావి' అనే నవల నెలనెలా వస్తోంది. రాసేవారు శంఖపాణి.

మూడో సంచికలో రాకుమారుడు రత్నకేతు నీళ్ళ అడుగున ఉన్న ఉప్పుకోట మొదటి తలుపు ముందు నిలబడి మంత్రం చదువుతాడు. 'పద్దెనిమిది, పద్దెనిమిది, ఒకటి కలుపు. ఇరవై, ఇరవై, ఒకటి విడువు.' తలుపు తెరుచుకుంటుంది.

కామమ్మ ఆ వరస మీద వేలు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి చదివింది. అది మంత్రం కాదు. వల కన్నుల లెక్క. కథ మధ్యలో అల్లిక తప్పకుండా తను గొంతు తగ్గించి చెప్పుకునే లెక్క. గొంతు తగ్గించింది గనక అదేదో గుప్తవిద్య అనుకుని మరిది దాన్ని కూడా రాసేసుకున్నాడు. ఇప్పుడు కావలి నుంచి సూళ్ళూరుపేట దాకా పిల్లలు మూసిన తలుపు కనిపిస్తే చాలు, వల లెక్క చదువుతున్నారు.

పాళెంలో ఆడవాళ్ళు ఈ సంగతి విని మూడు రోజులు పడీ పడీ నవ్వారు. కామమ్మ నవ్వలేదు. ఆమె కథలో రాకుమారుడే లేడు. తల్లిని వెతుక్కుంటూ నీళ్ళలోకి దిగిన సింగారి అనే పడవపిల్ల ఉంది. ఆ పిల్ల తలకు కిరీటం పెట్టి, నడుముకు కత్తి కట్టి, మగవాణ్ణి చేసి అమ్మేశాడు మరిది. ఆరు తలుపుల దాకా చెప్పిన కథను ఆమె ఆనాడే ఆపేసింది. ఏడో తలుపు వెనక ఏముందో పత్రికలో ఎవరికీ తెలియదు. శంఖపాణికి అసలే తెలియదు.

"నేను రాయకుంటే నీ కథలు గాలికి పోయేవి వదినా," అన్నాడు మాల్యాద్రి. "ఈ పాళెం దాటేవా? ఈ పొద్దు మద్రాసు దాకా పోయినాయి."

"పోయినాయి. నన్ను ఈడే కూర్చోబెట్టి అవి పోయినాయి."

"నీ పేరు పెడితే వాళ్ళు వేసేవాళ్ళా? అప్పటికి నీకు సంతకం గూడా రాదే."

"సంతకం రానంత మాత్రాన నోరు నాది గాకుండా పోయిందా?"

"పుస్తకంగా వేసేటప్పుడు మొదటి పేజీలో 'మా వదిన కామమ్మకు అంకితం' అని వేయిస్తా. సరేనా?"

"నా కోడిని పట్టుకుపోయి కోసుకుతిని, నాకొక ఈక తెచ్చి ఇస్తానంటావు."

చిన్నపోలయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ ఆయనే ఉండుంటే..."

"ఆయన ఉంటే మామా, నీ చిన్నకొడుకు వాకిట్లో కూర్చోడు. నడినీళ్ళల్లో కూర్చునేవాడు."

ముసలాయన అరుగు చివర కూలబడి కర్రను కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

మాల్యాద్రి గొంతు తగ్గించాడు.

"వచ్చే నెల సంచికలో ముగింపు రావాల వదినా. అదే సంచికలో పిలకాయలు ఓట్లేస్తారు, శంఖపాణి గొప్పా, ధవళగిరి గొప్పా అని. గెలిచినాయనకు మద్రాసులో సన్మానం. ముగింపు లేకుండా పోతే ఆ ధవళగిరి గెలుస్తాడు. వాడెవడో, ఏ ఊరోడో గూడా తెలీదు. ఏముంది వాడి కథల్లో? రాక్షసుడు యుద్ధానికి పోతా పోతా గంజి తాగిపోతాడు."

"అదే బాగుంటుంది చిన్నాయనా."

గడపలోంచి ఆ మాట అన్నది కామమ్మ కూతురు నాగరత్నం. పదమూడేళ్ళ పిల్ల. పుస్తకం దొరికితే కూడు మరిచిపోయే రకం.

"ఏం బాగుంటుంది? చెప్పు," అన్నాడు మాల్యాద్రి, పంతులు గొంతుతో.

"శంఖపాణి రాస్తే నీళ్ళు బాగుంటాయి. చదవతా ఉంటే ఒళ్ళు తడిసినట్టుంటుంది. ధవళగిరికి నీళ్ళు రావు. ఆయన ఏరు పటంలో గీత గీసినట్టుంటుంది. ఆ మాట ధవళగిరి వైపు పిలకాయలూ ఒప్పుకుంటారు. కానీ శంఖపాణి కథలో దండు వంద మైళ్ళు నడుస్తుంది, ఒక్కరికీ ఆకలెయ్యదు. గెలిచినాక విందు చేస్తారు, ఎవరు వండినారో ఉండదు. ధవళగిరి కథలో మంత్రగత్తె గూడా ముందు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంది."

"మంత్రగత్తెకు రాళ్ళేరే ఖర్మేంది? మంత్రం వేస్తే పోవా?"

"పోవంట. మంత్రాలు పెద్దపనులకే పనిచేస్తాయంట. ఇంటిపని చేత్తోనే చెయ్యాలంట. మొన్నటి సంచికలో రాసినాడు."

చిన్నపోలయ్య పెదవుల చివర నవ్వు వచ్చింది. కొడుకు చూస్తాడేమోనని తుడుచుకున్నాడు.

"మరి నువ్వెవరి వైపు?" అని అడిగాడు మాల్యాద్రి. అడిగి ఉండకూడదు.

"మొన్నమొన్నటిదాకా నీళ్ళ వైపు. ఆ నీళ్ళు మా అమ్మవని తెలిసినాక, నీ వైపు ఏం మిగిలిందా అని చూస్తా ఉండాను."

మాల్యాద్రి కలానికి మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

కామమ్మ పులుసు దించి మూత వేసింది. ఆమె లోపల ఉన్న పగ వీళ్ళలో ఎవరికీ తెలియదు. మరిది రెండు పూటలు మాడితే చల్లారే పగ కాదు అది.

పన్నెండు రోజుల కిందట ఆమె ఆరు కాగితాలు రాసింది. ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు చూసే అక్షరాలు. ఒక్కో కాగితానికి ఒక్కో మధ్యాహ్నం పట్టింది. ఏడో తలుపు వెనక ఏముందో అందులో ఉంది. సింగారి సంగతి ఉంది. దీన్ని మీకు ఇస్తున్నాను, శంఖపాణి కంటే ముందు మీరు అచ్చు వేయించండి, అని చివర రాసింది. పైన 'ధవళగిరి గారికి, పత్రిక కచేరి, మద్రాసు' అని రాసి, దొరవారిసత్రం దాకా నడిచిపోయి, తన చేత్తోనే పోస్టు డబ్బాలో వేసింది.

తనది దోచుకున్నవాడికి తనది దక్కకూడదు. వాడి పగవాడికి దక్కాలి.

రేపో మాపో అచ్చవుతుంది. ఈ వాకిట్లోనే మరిది ఆ పేజీ విప్పుతాడు. విప్పినప్పుడు ఆ ముఖం చూడాలి. ఈ ఏడేళ్ళలో కామమ్మ దేనికోసమూ ఇంత ఓపిగ్గా, ఇంత ఆశగా కాచుకుని కూర్చోలేదు.

మిట్టమధ్యాహ్నం బస్సు దిగి తోడికోడలు ఆనందకుమారి వచ్చింది.

పుట్టిల్లు తుమ్మలపెంటలో నాలుగు రోజులుండి వస్తోంది. నెల్లూరులో ఎనిమిది దాకా చదివిన మనిషి. ఆ చదువు ఏమయిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. మొగుడు మాట్లాడితే తల వంచుకుని వింటుంది, మొగుడు తింటే విస్తరి ఎత్తుతుంది. ఆమె అంటే కామమ్మకు కోపం లేదు, చిన్నచూపు ఉంది.

"వచ్చినావా ఆనందా," అన్నాడు మాల్యాద్రి, ప్రాణం లేచివచ్చినట్టు. "నువ్వన్నా చెప్పు మీ అక్కకు. ఆ ధవళగిరి వెధవ నా నెత్తినెక్కేదాకా అందరూ కూర్చుని చూస్తారా?"

ఆనందకుమారి మొగుడి వైపు ఒక్క చూపు చూసింది.

"నేను మాట్లాడతా. మీరు ఈడే ఉండండి," అని చేతిసంచీతోనే లోపలికి నడిచింది. కామమ్మ వెనకే వెళ్ళింది. ఆనందకుమారి తలుపు దగ్గరగా వేసింది.

"రాయబారానికి వచ్చినావా?" అంది కామమ్మ. "పో అమ్మే, పోయి నీ మొగుడికి అన్నం పెట్టుకో."

"ఆయన సంగతి కాదక్కా."

ఆనందకుమారి సంచీలోంచి మడిచిన కాగితాలు తీసి చాప మీద పరిచింది. ఆరు కాగితాలు. ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు చూసే అక్షరాలు.

కామమ్మ గోడ పట్టుకుని కూర్చుంది.

"పోస్టులో పట్టుకున్నారా?"

"ఎవరూ పట్టుకోలా. చేరాల్సిన చోటికే చేరింది. ధవళగిరికి వచ్చే జాబులన్నీ కచేరీవాళ్ళు కట్టగట్టి తుమ్మలపెంటకు పంపుతారు. మా నాయన పేరున. నాలుగేండ్లుగా."

అర్థం కావడానికి కామమ్మకు కొంచెం సేపు పట్టింది. బయట మామ దగ్గు వినిపించింది.

"నువ్వా?"

"నేనే."

"మొగుడికి తెలవదా?"

"నేను ఊరికి పోకముందు అన్నం కాడ కూర్చుని, ధవళగిరికి కథ అల్లడం చేతకాదు, పోయి వంటలు చేసుకోవాల, అన్నాడు." ఆనందకుమారి కాగితాల అంచులు సరిచేసింది. "నేను మజ్జిగ పోసినా."

కామమ్మ ఆ మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నీ ముగింపు చదివిన పూట నాకు అన్నం దిగలా అక్కా," అంది ఆనందకుమారి. "ఆ ఏడో తలుపుకు గడియ వేసింది మాయావి అనే అందరం అనుకుంటా ఉండాం. వాడి ప్రాణముండే దీపం ఎత్తుకునిపోయి, లోపలినుంచి సింగారి తల్లే గడియ పెట్టుకునిందని నేను అనుకోలా. ఇన్నేండ్లూ చెరలో ఉండింది వాడు. ఆమె కాదు."

"నచ్చితే వేయించు మరి."

"ఇది ఆయన నవలకు అతకదు. నువ్వు నోరు విప్పి చెప్పినా ఆయన రాయలేడు. సింగారిని రాకుమారుణ్ణి చేసినాడు గదా. ఆ రాకుమారుడి తల్లి రెండో సంచికలోనే అంతఃపురంలో కూర్చుని పాయసం తాగతా ఉండాది."

కామమ్మకు నవ్వు ఆగలేదు. ఆనందకుమారికీ ఆగలేదు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బయట ఆకలితో కూర్చున్నవాడికి ఆ నవ్వు వినపడితే ఏమనుకుంటాడో అన్న తలపుకు కామమ్మకు ఇంకా నవ్వు వచ్చింది.

ముందు నవ్వు ఆపింది ఆనందకుమారి.

"మొదటినుంచీ నేను రాస్తా. సింగారి కథగానే. ఏడు తలుపులూ. ఏడో తలుపు తెరిచినోళ్ళదే గదా కథ. అచ్చయిన పొద్దు శంఖపాణి ఎవరి కథ ఎత్తుకున్నాడో పిలకాయలే పట్టుకుంటారు. ఆయన మళ్ళీ కలం పట్టడు. ఒక్క మాటక్కా. ఆయన పోతే ఆ పత్రికలో ధవళగిరి ఒక్కడే మిగుల్తాడు. నెలనెలా కథ కావాల. నాకు నీళ్ళు రావు. మీ నాగరత్నం నా ముఖానే ఎన్నోసార్లు చెప్పింది. నువ్వు చెప్తా ఉండు, నేను రాస్తా ఉంటా."

"ఎవరి పేరున?"

"ధవళగిరి పేరునే. జనానికి తెలిసిన పేరు అదే గదా."

కామమ్మ ఆమె ముఖంలోకి చూసింది. రెండేళ్ళు అరుగు మీద కూర్చుని రాసుకున్నవాడి ముఖం కూడా ఇలాగే ఉండేది. ఇంతే మర్యాదగా, ఇంతే ఆపేక్షగా.

"వేయించు," అంది. "ధవళగిరి పేరు మాత్రం వద్దు. చెప్పింది కామమ్మ, రాసింది ఆనందకుమారి. రెండు పేర్లూ వేయించు, ఊరి పేరుతో సహా."

ఆనందకుమారి చేతులు కాగితాల మీద ఆగిపోయాయి.

"అట్టా వేస్తే ఆయనకు తెలిసిపోతుంది."

"తెలవాలనే."

"నీకేం అక్కా, నీ మరిది మీద కక్ష తీరుతుంది. నేను ఆయనతో కాపరం చేస్తా ఉండాను. కలం విరిచి పొయ్యిలో పెడతాడు. నన్ను తుమ్మలపెంటకు తోలేస్తాడు."

"కాపరం చేసేదానివి నా కథ చాటున నక్కి నీ మొగుణ్ణి కొట్టాలని వచ్చినావు. దెబ్బ నీది, పేరు ఎవరో లేని మనిషిది, నోరు నాది. బాగుంది ఎత్తు." కామమ్మ గొంతు పెంచలేదు. "ఆ కాగితాలు ఇటియ్యి. పత్రికవాళ్ళకే ఇంకో జాబు రాసుకుంటా. ఈసారి ఆరు కాగితాలు గూడా అక్కర్లా. ధవళగిరి ఎవరో, ఎవరి పెళ్ళామో ఒక్క ముక్క రాస్తే చాలు. ఒక మధ్యాహ్నం పని."

"రాస్తావా?"

"రాయను అనుకోబాక. కష్టపడి నేర్చుకున్నా."

ఆనందకుమారి కాగితాలు ఇవ్వలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చి, మడిచి, గుప్పిట్లో పట్టుకుంది. ఇద్దరి మధ్యా చాప మీద ఒక చీమ అటూ ఇటూ తిరిగింది. దాన్ని ఇద్దరూ చూశారు.

బయటినుంచి మాల్యాద్రి గొంతు వినిపించింది. "ఆనందా, వదిన ఏమంటుంది?"

ఆనందకుమారి లేచింది. తల వంచుకోలేదు. వెళ్ళి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. ఎండ ఒక్కసారిగా చాప దాకా వచ్చింది.

"లోపలికి రాండి," అంది మొగుడితో. "మామయ్యనూ పిలవండి. మీకొక జాబు చదివి వినిపించాల."

జాబు రాసిన చెయ్యి ఎవరిదో ముందు చెబుతుందా, అందుకున్న చెయ్యి ఎవరిదో ముందు చెబుతుందా, మొగుడి కాళ్ళ మీద పడుతుందా, ఆయన నెత్తిన కొడుతుందా, ఆ వీపు చూసి కామమ్మ పోల్చుకోలేకపోయింది. వాకిట్లో మాల్యాద్రి కలం జేబుకు పెట్టుకుని తుండు దులుపుకుంటున్నాడు.

కామమ్మ గోడ వారనున్న పీట తీసి, తుడిచి, మరిది కోసం, ఆ ముఖం తనకు కనబడేట్టు, నడిమధ్యలో వాల్చింది.